కోళ్ల దొడ్డికి చలికాలం: చలి కన్నా చెమ్మతోనే ముప్పు

(పెరటి కోళ్లు పెంచేవారి సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను, చేతులెత్తండి. చలికాలం దగ్గర పడుతోందని మీలో ఎంతమంది కోళ్ల గూటికి పట్టాలు కట్టేశారు? చాలామందే ఉన్నారు. సరే. వాళ్లలో నాలుగు వైపులా, గాలి దూరే సందు కూడా లేకుండా కట్టినవాళ్లు ఎంతమంది? చేతులు దించకండి, అలాగే ఉంచండి. నేను మాట్లాడేది ముఖ్యంగా మీతోనే. ఎందుకంటే కోళ్లు పెంచడం మొదలుపెట్టిన మొదటి చలికాలంలో నేనూ అలాగే కట్టాను.

ఆ సంగతి చెబుతాను. అప్పుడు నా దగ్గర పన్నెండు కోళ్లు ఉండేవి. రాత్రిపూట వణుకుతాయేమోనని ఒకటే టెన్షన్. వెలుతురు కనిపించిన ప్రతి సందులోనూ గోనెపట్టా కుక్కాను. బయట టార్పాలిన్ చుట్టాను. లోపల చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉంది. ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను. పది రోజులు గడిచాక ఒక తెల్లవారుజామున తలుపు తీస్తే నా కళ్లు భగ్గున మండాయి. రేకు కప్పు లోపలి వైపు నుంచి నీటి చుక్కలు టపటపా కోళ్ల వీపుల మీద పడుతున్నాయి. బయట వాన లేదు. మరి ఆ నీళ్లు ఎక్కడివి? రెండు పెట్టలు నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాయి, గొంతులో గురగుర. వాటిలో ఒకటి నాలుగో రోజు చచ్చిపోయింది. చలికే చచ్చిపోయిందని చాలా రోజులు అనుకున్నాను. కాదండి. వెచ్చగా ఉండాలని నేను కట్టిన పట్టాయే దాని ప్రాణం తీసింది.

ఆ పెట్ట నాకు ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది. అందుకే ఎవరు పిలిచినా ఈ విషయం మీద మాట్లాడటానికి వస్తాను.

ముందు కోడి ఒంటి సంగతి చూద్దాం. కోడి ఒంటి వేడి ఎంతో తెలుసా? సుమారు 41 డిగ్రీల సెల్సియస్. మనకు అంత వేడి ఉంటే జ్వరంతో మంచం పడతాం. దానికి అది మామూలు. ఆ వేడిని కాపాడేవి ఈకలు. పై ఈకల కింద మెత్తటి నూగు ఉంటుంది. చలేసినప్పుడు కోడి ఈకలు పొంగించి బంతిలా కూర్చుంటుంది, చూశారు కదా? అప్పుడు ఈకల మధ్య గాలి నిలిచిపోతుంది. ఆ నిలిచిన గాలే దాని దుప్పటి. మరి ఆ దుప్పటి ఎప్పుడు పోతుందో మీరే చెప్పండి. ఈకలు తడిసి అణిగిపోతే పోతుంది. విసురుగాలి ఈకల్ని విడదీస్తే పోతుంది. తడి, విసురుగాలి. ఈ రెండూ తగలకపోతే, ఒళ్లంతా ఈకలున్న ఆరోగ్యమైన పెద్ద కోడి నీళ్లు గడ్డకట్టే చలిని కూడా తట్టుకుంటుంది. ఈ రెండూ తగిలితే మాత్రం, మనం స్వెట్టరు కూడా వేసుకోని చలికే ముడుచుకుపోతుంది.

ఇక నీళ్లు ఎక్కడివన్న ప్రశ్న. ఒక పెట్ట రోజుకు 200 నుంచి 250 మిల్లీలీటర్ల నీళ్లు తాగుతుంది. పది కోళ్లుంటే రోజుకు రెండు లీటర్ల పైమాటే. ఆ నీళ్లు ఎటు పోతాయి? గుడ్డులోకి కొంత పోతుంది. మిగిలినదంతా ఊపిరిలో ఆవిరిగా, రెట్టలో తడిగా బయటికి వస్తుంది. తాజా రెట్టలో ముప్పాతిక వంతు నీరే. రాత్రంతా కోళ్లు ఊపిరి వదులుతూ, రెట్ట వేస్తూ ఉంటాయి. గూడు బిగించేస్తే ఆ ఆవిరికి దారి ఉండదు. పైకి లేస్తుంది, చల్లటి రేకుకు తగులుతుంది, నీళ్లై మళ్లీ కోళ్ల మీదే పడుతుంది. ఆ రోజు నా గూటిలో కురిసిన వాన అదే.

కళ్లు మండటం సంగతి వేరే. రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. దానికి చెమ్మ తోడైతే సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. కోడి గొంతు గొట్టంలో సన్నటి నూగులాంటి పొర ఉంటుంది. దుమ్మునీ క్రిముల్నీ బయటికి నెట్టేసే పని దానిదే. అమ్మోనియా ఆ పొరను పాడుచేస్తుంది. ఆ తర్వాత ఏ చిన్న జబ్బైనా నేరుగా లోపలికి దిగుతుంది. కోడికి ఊపిరితిత్తులతో పాటు ఒంటి నిండా తొమ్మిది గాలి సంచులు ఉంటాయి. చెడ్డ గాలి పీల్చిందంటే అది ఎంత లోపలిదాకా పోతుందో ఆలోచించండి. గాలిలో అమ్మోనియా పది లక్షల పాళ్లకు 25 పాళ్లు దాటకూడదని కోళ్ల శాస్త్రంలో చెబుతారు. మన దగ్గర కొలిచే పరికరం ఉండదు, ముక్కే ఉంది. కానీ రోజూ గూటిలోకి వెళ్లేవాళ్ల ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. అందుకని తెల్లవారి తలుపు తీయగానే, గాలి మారకముందే, కోడి తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకు వంగి పీల్చండి. నిలబడి పీలిస్తే తెలియదు. ఇంకా మంచిది, ఎప్పుడూ గూటి దగ్గరికి రాని మనిషిని ఎవరినైనా పిలిచి పీల్చమనండి.

మరి గాలి రావాలంటున్నాను, విసురుగాలి వద్దంటున్నాను. రెండూ ఎలా కుదురుతాయి? ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. అడగాలి కూడా. జవాబు ఎత్తులో ఉంది. కోళ్లు ఎక్కి పడుకునే చెక్క ఎంత ఎత్తులో ఉందో చూడండి. దాని మీద కూర్చున్న కోడి తల కన్నా పైన, చూరు కింద, ఎదురెదురు గోడలకు కిటికీలు పెట్టండి. వేడి ఆవిరి పైకి లేస్తుంది కాబట్టి అటునుంచే పోతుంది. కోడి తల నుంచి కిందిదాకా గోడ బిగువుగా ఉండాలి. పైన తెరిపి, కింద బిగువు. ఆ పై కిటికీలకు మెష్ కొట్టి రాత్రిపూట కూడా తెరిచే ఉంచండి. ఎంత చలిగా ఉన్నా సరే, తెరిచే ఉంచండి. సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి సన్నటి కాగితం రిబ్బను ఒకటి కోళ్లు పడుకునే చోట వేలాడదీయండి. గాలి వీచే రాత్రి టార్చి వేసి చూడండి. రిబ్బను రెపరెపలాడుతుంటే ఆ గాలి కోడికి తగులుతున్నట్టే, ఎక్కడో కింద సందు ఉంది, వెతికి మూయండి. రిబ్బను కదలకుండా ఉండి, తెల్లవారి కప్పు లోపల తడి లేకపోతే మీ గూడు బాగున్నట్టు.

ఇప్పుడు దొడ్డి సంగతికి వద్దాం. గూడంటే రాత్రి పడుకునేది, దొడ్డి అంటే చుట్టూ మెష్ కట్టి పగలంతా వదిలే ఆరుబయలు. మనలో చాలామంది గూడు గురించి ఆలోచించినంతగా దొడ్డి గురించి ఆలోచించరు. కానీ కోడి పగలంతా గడిపేది అక్కడే కదా? పగలు తడిసి, సాయంత్రం ఆ తడి కాళ్లతో, తడి ఈకలతో గూటిలోకి వెళ్తే, మీరు గూటికి ఎన్ని కిటికీలు పెట్టి ఏం లాభం? చెమ్మను మోసుకెళ్లేది దొడ్డి నుంచే.

దొడ్డిలో మొదట చూడాల్సింది నేల. నా అనుభవంలో చలికాలపు కష్టాల్లో సగం నేల దగ్గరే మొదలవుతాయి. ఒక గట్టి వాన పడ్డాక, గొడుగు వేసుకుని వెళ్లి మీ దొడ్డిలో పావుగంట నిలబడండి. ఏమీ చేయకండి, నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో చూడండి. చాలాచోట్ల ఆకాశం నుంచి నేరుగా పడే నీళ్ల కన్నా, గూటి కప్పు మీద నుంచి జారిపడే నీళ్లే ఎక్కువ బురద చేస్తాయి. లెక్క చాలా సులువు. ఒక చదరపు మీటరు కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 10 లీటర్లు. పది చదరపు మీటర్ల కప్పుంటే 100 లీటర్లు. ఆ వంద లీటర్లూ కోళ్లు ఎక్కువగా తిరిగే తలుపు ముందే పడుతున్నాయేమో చూసుకోండి. సగానికి కోసిన పైపు చూరుకు కట్టి ఆ నీటిని దొడ్డి బయటికి మళ్లిస్తే ఒక్క పూటలో సగం బురద తగ్గుతుంది. ఇక నేల ఏటవాలుగా ఉంటే, ఎత్తు వైపు దొడ్డి బయట ఒక చిన్న కాలువ తవ్వి పారే నీటిని పక్కకు తిప్పండి. నీటిని ముందు ఆపండి, తర్వాతే నేల మీద ఏదైనా వేయండి. చాలామంది తిరగేసి చేస్తారు. బురద కనిపించగానే గడ్డి పరుస్తారు. అది రెండు రోజుల్లో బురదలో కలిసిపోతుంది, మళ్లీ పరుస్తారు.

గడ్డి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పైకప్పు లేని దొడ్డిలో ఎండుగడ్డి మందంగా పరిచి వదిలేయకండి. తడిసి, చాపలా అతుక్కుని, లోపల బూజు పడుతుంది. ఆస్పర్జిల్లస్ అనే బూజు కోళ్ల ఊపిరితిత్తుల్లో జబ్బు తెస్తుంది. కోడిపిల్లలకైతే అది ఇంకా ప్రమాదం. బయట నేలకు పెద్ద పెద్ద చెక్క ముక్కలు మంచివి. చెట్టుకొమ్మలు మిషన్‌లో వేసి నరికిన ముక్కలుంటాయి చూడండి, అవి. పది, పదిహేను సెంటీమీటర్ల మందాన పోస్తే నీళ్లు కిందికి దిగిపోతాయి, పైన ఆరుతుంది. కోళ్లు వాటిని కెలుకుతూ పురుగులు ఏరుకుంటాయి, దానివల్ల అడుగున ఉన్నది పైకి వచ్చి గాలి తగులుతుంది. ఆ పని మనకు తప్పినట్టే. ఇసుక కూడా పనికొస్తుంది, కానీ అడుగున నీరు నిలిచే నేలైతే ఇసుక వేసినా లాభం ఉండదు. గూటి తలుపు ముందు, మేత తొట్టి చుట్టూ, ఈ రెండు చోట్లా చెక్క ముక్కల బదులు రాతి పలకలు పరవండి. కాళ్లు ఎక్కువగా పడేది అక్కడే.

బురద గురించి ఇంత చెబుతున్నానేమిటా అనిపిస్తోందా? బురదలో రోజంతా తిరిగితే అరికాలి చర్మం మెత్తబడి పగులుతుంది. ఆ పగుల్లోంచి క్రిమి చేరి అరికాలు గట్టిగా వాచి, మధ్యలో నల్లటి పక్కు కడుతుంది. దాన్ని బంబుల్‌ఫుట్ అంటారు. తగ్గడానికి వారాలు పడుతుంది. రక్త విరేచనాలు తెచ్చే కాక్సిడియా గుడ్లు కూడా తడి నేలలోనే ముదురుతాయి, పొడి నేలలో అంతగా ముదరవు. ఇక గుడ్లు పెట్టే గూళ్లలోకి బురద కాళ్లతో ఎక్కితే గుడ్లన్నీ మురికి. ఇన్నిటికీ మూలం ఒకటే కదా?

నేల అయింది, గాలి సంగతి. మీ దొడ్డికి ఎక్కువగా ఏ వైపు నుంచి గాలి వీస్తుందో మీకు తెలుసు. ఆ వైపు మాత్రమే అడ్డు కట్టండి. మహా అయితే దాని పక్క వైపు కూడా. నాలుగు వైపులా వద్దు, ఎండ వచ్చే వైపు అసలు వద్దు. ఎత్తు కూడా ఎక్కువ అక్కర్లేదు. కోడి నడిచేది నేల మీద. మీటరు ఎత్తు అడ్డు ఉంటే దాని వెనక దూరందాకా గాలి జోరు తగ్గుతుంది. చాలామంది అడగనిది, కానీ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇంకొకటి ఉంది. ఆ అడ్డు గోడలా బిగువుగా ఉండకపోవడమే మంచిది. బిగువైన ప్లాస్టిక్ షీటు కడితే గాలి దాని మీదుగా ఎగిరి, వెనక సుడి తిరిగి కిందికి దూకుతుంది. పైగా ఆ షీటు తెరచాపలా ఉబ్బి గుంజలతో సహా లాగేస్తుంది. సగం గాలిని ఆపి సగం వదిలే షేడ్ నెట్, తడిక, వరసగా నాటిన పొదలు, ఇవైతే గాలి జోరును విరిచేస్తాయి, సుడి రాదు. షేడ్ నెట్ రెండు పొరలు కట్టి చూడండి, కోళ్లు రోజంతా ఏ మూల గడుపుతున్నాయో మీకే తెలుస్తుంది.

దొడ్డిలో సగమైనా పైకప్పు ఉండాలి. మొత్తం అక్కర్లేదు. సగం కప్పు కింద పొడిగా ఉంటే కోళ్లు వానలో అక్కడికి చేరతాయి. టార్పాలిన్ కడితే మాత్రం ఏటవాలుగా, బిగువుగా కట్టండి. వదులుగా కడితే మధ్యలో గుంట పడి నీళ్లు నిలుస్తాయి. ఒక చదరపు మీటరులో ఒక్క సెంటీమీటరు నీళ్లు నిలిస్తేనే 10 కిలోల బరువు. ఆ బరువుకు గుంట ఇంకా లోతు అవుతుంది, ఇంకా నీళ్లు చేరతాయి. రాత్రికి రాత్రి కూలుతుంది. ఇక మంచు కురిసే చోట ఉన్నవాళ్లకు ఒక ప్రత్యేక మాట. పైన వల కట్టి ఉంటే, వల కన్నాల్లోంచి మంచు జారిపోతుందని నమ్మకండి. తడి మంచు వలకు అంటుకుని మందంగా పేరుకుంటుంది. 10 సెంటీమీటర్ల తడి మంచు చదరపు మీటరుకు 20, 30 కిలోలు తూగుతుంది. ఇరవై చదరపు మీటర్ల వల మీద ఎంతవుతుందో లెక్క వేసుకోండి. మధ్యలో గుంజలు పాతండి, మంచు పడుతున్నప్పుడే పొడుగు కర్రతో కింద నుంచి తట్టి రాల్చండి. తెల్లవారాక చూద్దాంలే అనుకోవద్దు. చాలా కోళ్లకు మంచు మీద నడవడం ఇష్టం ఉండదు. తలుపు నుంచి కప్పు దాకా పారతో ఒక దారి తీసి, దాని మీద కొంచెం గడ్డి చల్లితే బయటికి వస్తాయి. అక్కడక్కడా మొద్దులు, చెక్కలు వేసి ఉంచండి, నేల చల్లగా ఉన్నప్పుడు వాటి మీదికెక్కి నిలబడతాయి.

కప్పు కింద పొడి చోట ఒక పని తప్పకుండా చేయండి. ఒక తొట్టిలోనో, పాత టైరులోనో పొడి మట్టి, ఇసుక, కట్టెల బూడిద కలిపి పెట్టండి. కోడి దుమ్ములో పొర్లితేనే దాని ఒంటి మీద పేలు, పిడుదులు తగ్గుతాయి. వేసవిలో ఎక్కడైనా పొర్లుతుంది. చలికాలంలో నేలంతా తడిగా ఉంటే ఎక్కడ పొర్లుతుంది పాపం? ఈకల్లోనే కాపురం పెట్టే ఒక రకం పిడుదులు చలికాలంలోనే ఎక్కువగా పెరుగుతాయి. వారానికోసారి రాత్రిపూట కోడిని ఎత్తుకుని, తోక కింద, మలద్వారం చుట్టూ ఈకలు విడదీసి టార్చితో చూడండి. ఈకల మొదట్లో నల్లగా మురికి పట్టినట్టు ఉంటే అవి ఉన్నట్టే.

ఎత్తుకున్నప్పుడే ఇంకో పని. రొమ్ము ఎముకను వేళ్లతో తడమండి. చలికాలంలో ఈకలు పొంగి ఉంటాయి కాబట్టి కోడి ఎంత చిక్కినా పైకి గుండ్రంగానే కనిపిస్తుంది. కళ్లు మోసపోతాయి, వేళ్లు మోసపోవు. ఎముక కత్తి అంచులా తగులుతుంటే అది చాలా రోజులుగా సరిగా తినడం లేదన్నమాట.

ఇప్పుడు మళ్లీ గూటిలోకి, త్వరగా చెప్పేస్తాను. ఇదిగో, ఈ చెక్క చూడండి. దీని వెడల్పు తొమ్మిది సెంటీమీటర్లు. వెడల్పు వైపు పైకి పెట్టి బిగించండి. కోడి దీని మీద కూర్చుంటే పాదం చాపి ఉంటుంది, రొమ్ము ఈకలు వేళ్లను పూర్తిగా కప్పేస్తాయి. సన్నటి గుండ్రటి కర్రైతే వేళ్లు కిందికి వంగి, కొనలు బయటికి వస్తాయి, చలికి తగులుతాయి. ఇనుప పైపు మాత్రం వద్దే వద్దు, కాలి వేడిని లాగేస్తుంది. ఒక్కో కోడికి 20 నుంచి 25 సెంటీమీటర్ల చోటు చాలు. చలికాలంలో ఎలాగూ ఒకదానికొకటి ఆనుకునే పడుకుంటాయి.

కింద పరిచే లిట్టరు, అంటే ఊక గానీ రంపపు పొట్టు గానీ, ఈ కాలంలో పదిహేను సెంటీమీటర్ల మందం ఉండాలి. తడి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? గుప్పెడు తీసి గట్టిగా పిసికి చెయ్యి తెరవండి. ముద్దలా నిలిస్తే తడి ఎక్కువ. పొడిపొడిగా రాలిపోతే బాగున్నట్టు. ముద్ద కట్టిన చోట తీసేసి కొత్తది వేయండి, మిగతాది వారానికి రెండుసార్లు తిరగేయండి. తడి లాగుతుందని కొందరు సున్నం చల్లుతారు. దాని క్షారగుణం వల్ల అమ్మోనియా ఇంకా లేస్తుంది, నేను చల్లను.

నీళ్లు. నీళ్ల తొట్టి గూటిలో పెట్టకండి. కోళ్లు చీకటి పడ్డాక తాగవు. లోపల పెడితే ఒలికి తడి చేయడమే. దొడ్డిలో, కప్పు కింద, ఇటుకల మీద ఎత్తుగా పెట్టండి. గడ్డకట్టేంత చలి ఉన్నచోట నల్లటి రబ్బరు తొట్టి మంచిది. గట్టి ప్లాస్టిక్‌దైతే గడ్డకట్టినప్పుడు పగులుతుంది, రబ్బరుదైతే తిరగేసి తొక్కితే మంచు గడ్డ ఊడివస్తుంది. పొద్దున, మధ్యాహ్నం గోరువెచ్చటి నీళ్లు పోయండి. కొన్ని గంటలు నీళ్లు అందకపోతే మేత తగ్గుతుంది, మేత తగ్గితే ఒంట్లో వేడి తగ్గుతుంది, గుడ్లు ఆగిపోతాయి. మేత కన్నా ముందు నీళ్లు చూసుకోండి.

మేత సంగతికొస్తే, పెట్ట మామూలుగా రోజుకు 110, 120 గ్రాములు తింటుంది. చలిలో ఇంకొంచెం తింటుంది, తిననివ్వండి. సాయంత్రం గూటికి వెళ్లేముందు కొన్ని మొక్కజొన్న గింజలు వేస్తే రాత్రంతా అరుగుతూ ఉంటాయి, ఆ అరుగుదలలో పుట్టే వేడి పనికొస్తుంది. కానీ రోజు మేతలో పదో వంతు దాటకండి. మొక్కజొన్నలో మాంసకృత్తులు తక్కువ. ఈకలు రాల్చుకుని కొత్తవి మొలిపించుకుంటున్న కోళ్లకు మాంసకృత్తులే ముఖ్యం, ఈక అంటేనే మాంసకృత్తు కదా. నేల గడ్డకట్టినా, మంచుతో కప్పుకుపోయినా కోడికి కందనకాయలోకి కావలసిన చిన్న రాళ్లు దొరకవు. ఒక గిన్నెలో సన్నటి గులకరాళ్లు పెట్టండి. దీన్ని చాలామంది మరిచిపోతారు.

రాత్రులు పొడుగయ్యే కొద్దీ గూటి మీదికి వచ్చే జంతువులకు ఎక్కువ సమయం దొరుకుతుంది. ఇవి రెండు మెష్ ముక్కలు, చేతికిస్తున్నాను, వెనకదాకా పంపండి. ఆరు పలకల కన్నాలున్నది చికెన్ మెష్. కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది, అంతే. కుక్క పళ్లతో లాగితే చిరిగిపోతుంది. రెండోది వెల్డ్ మెష్, కన్నం 12 మిల్లీమీటర్లు. ఇది ముంగిసనీ ఎలుకనీ కూడా ఆపుతుంది. అడుగున ఈ మెష్‌నే బయటి వైపుకు ఒక అడుగు నుంచి అడుగున్నర దాకా నేల మీద పరిచి, పైన మట్టి కప్పండి. తవ్వే జంతువు కంచె మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, మెష్ తగిలి ఆగిపోతుంది. మేత రాత్రిపూట దొడ్డిలో ఉంచకండి. మేతకు ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనక పాములు వస్తాయి.

ఏవో ప్రశ్నలున్నట్టున్నాయి. అడగండి.

హీట్ బల్బు పెట్టవచ్చా అని అడుగుతున్నారు. పెద్ద కోళ్లకు నేను వద్దంటాను. 250 వాట్ల బల్బు, కింద ఎండు పొట్టు, గాలిలో ఈకల దుమ్ము. కోడి ఒక్కసారి ఎగిరి తగిలితే చాలు, గూడు గూడంతా కాలిపోతుంది. కాలకపోయినా, వెచ్చదనానికి అలవాటైన కోళ్లకు ఒక రాత్రి కరెంటు పోతే ఒక్కసారిగా చలి తగులుతుంది. కోడిపిల్లల సంగతి వేరు. వాటికి ఈకలు ఉండవు. మొదటి వారం 35 డిగ్రీలు కావాలి, ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావచ్చు. ఆ బల్బునైనా గొలుసుతో కట్టండి, దానితోపాటు తీగతో కూడా ఇంకో కట్టు వేయండి.

గుడ్లు తగ్గిపోయాయి, చలి వల్లేనా? ఎక్కువగా వెలుతురు వల్ల. పెట్ట నిండుగా గుడ్లు పెట్టాలంటే రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. వెలుతురు కంటితోనే కాదు, పుర్రె గుండా మెదడుకే నేరుగా తెలుస్తుంది దానికి. లైటు పెట్టాలనుకుంటే టైమరుతో తెల్లవారుజామున వెలిగేలా పెట్టండి. సాయంత్రం పెడితే, టక్కున ఆరిపోగానే చీకట్లో ఎక్కడివక్కడే దిగబడిపోతాయి, చెక్క ఎక్కలేవు. నేనైతే అసలు పెట్టను. ఈకలు మార్చుకునే ఆ రెండు మూడు నెలలు వాటికి విశ్రాంతి అనుకుంటాను. ఇది నా అభిప్రాయం, మీ అవసరం మీది.

అక్కడ కూర్చున్న అమ్మగారు అడుగుతున్నారు, వాళ్ల కోడి జుట్టు, అంటే తల మీది ఎర్రటి తురాయి, దాని కొనలు తెల్లబడి తర్వాత నల్లబడ్డాయట. అది మంచు కాటమ్మా. పెద్ద జుట్టున్న పుంజులకే ఎక్కువగా వస్తుంది. రుద్దకండి, మంట దగ్గర పెట్టకండి, నల్లబడ్డ కొనను కత్తిరించకండి. దానంతట అది ఎండి రాలిపోతుంది, అప్పటిదాకా అదే కింద ఉన్న చర్మానికి మూత. గూటిలో తెల్లవారి కప్పు తడిగా ఉంటోందా? ఉంటోందన్నమాట. అయితే ఈ రాత్రే పై కిటికీ తెరవండి. చెమ్మ ఉన్న గాలిలోనే జుట్టు అలా అవుతుంది.

ఇంకొక్కటి. జబ్బు చేసిన కోడిని ఇంట్లోకి తెచ్చుకున్నాం, ఎప్పుడు వదలాలి అని. మంచి ప్రశ్న. నాలుగైదు రోజులు వెచ్చటి గదిలో ఉన్నాక ఒక్కసారిగా బయట వదలకండి. ముందు వరండాలో, ఆ తర్వాత పగటిపూట కాసేపు దొడ్డిలో, అలా కొన్ని రోజులు అలవాటు చేయండి. చివరికి చీకటి పడ్డాక, మిగతావన్నీ చెక్కెక్కి పడుకున్నాక, మెల్లగా వాటి మధ్యలో కూర్చోబెట్టండి. పొద్దున లేచేసరికి గొడవ తక్కువగా ఉంటుంది.

మెష్ ముక్కలు తిరిగొచ్చాయా? ఇక్కడే బల్ల మీద పెడుతున్నాను, ఈ చెక్క కూడా. వెళ్లేముందు చేతితో పట్టుకుని చూడండి, వెడల్పు కొలుచుకోండి. పై కిటికీ ఎక్కడ పెట్టాలో తెలియనివాళ్లు మీ గూటి ఫోటో ఉంటే చూపించండి, నేను కాసేపు ఇక్కడే ఉంటాను.